చిన్న మేత బీళ్ళలో కలుపు పోవాలంటే గడ్డి పెరగాలి

పాల ఉత్పత్తికి అయ్యే ఖర్చులో నూటికి 60 వంతులకు పైగా మేతకూ, దాణాకూ పోతుందన్న సంగతి సభ్యులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. దాణా కొనక తప్పదు. జొన్న చొప్ప, వరిగడ్డి కూడా చాలామంది కొనుక్కుంటూనే ఉన్నారు. డబ్బు పెట్టకుండా దొరికే మేత ఒక్కటే ఉంది. అది దొడ్డి వెనుక, చేని చివర, బావి గట్టున, సాగుకు రాని రాతి చెక్కలో వానకు తనంతట తాను మొలిచే పచ్చిక. అర ఎకరం మొదలు రెండెకరాల వరకు ఇటువంటి బీడు ఉన్న సభ్యులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు.

కాని ఆ బీడులో పశువు మూతి పెట్టగల గడ్డి ఎంత? వానలు పడిన నెల రోజులకు దూరం నుండి చూస్తే నేలంతా పచ్చగానే ఉంటుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం వయ్యారిభామ, తుత్తురబెండ, తగిరిస, ఉత్తరేణి, తుంగ. గేదె పొద్దుటి నుండి సాయంత్రం దాకా అందులో తిరిగి డొక్క నిండకుండానే ఇంటికి చేరుతుంది. ఆ లోటు పాల చెంబులోనైనా తెలుస్తుంది, దాణా కొట్టు బాకీలోనైనా తెలుస్తుంది.

కలుపు బాధ గురించి అడిగే సభ్యులలో చాలామంది మొదట అడిగేది మందు పేరు. మందు సంగతి కూడా చెబుతాము. అయితే ముందు గ్రహించవలసినది ఒకటి ఉంది. నేల బోడిగా ఉన్నచోటల్లా కలుపు మొలుస్తుంది. గడ్డి దట్టంగా ఉన్నచోట దానికి తావు దొరకదు. కలుపును పీకి నేలను ఖాళీగా వదిలితే వచ్చే వానకు అంతకు రెండింతలు మొలుస్తుంది. కనుక పీకడం సగం పని మాత్రమే. ఆ చోట మంచి గడ్డిని నిలబెట్టడం మిగతా సగం.

గడ్డి ఎందుకు ఓడిపోతుంది

గడ్డి మొక్కకు చిగురు వేసే కణుపు నేలకు దగ్గరగా ఉంటుంది. అందుకే పశువు పైభాగం కొరికినా అది చావదు, మళ్ళీ ఆకు వేస్తుంది. ఆ కొత్త ఆకుకు కావలసిన ఆహారాన్ని వేరులోనూ, మొదట్లోనూ దాచుకున్న నిల్వ నుండి తీసుకుంటుంది. కొత్త ఆకు విచ్చుకుని ఎండ తగిలాక ఆ నిల్వ తిరిగి పూడుతుంది. ఇందుకు వానాకాలంలో సుమారు 3 వారాలు పడుతుంది.

నిల్వ పూడకముందే పశువు మళ్ళీ అదే మొక్కను కొరికితే వేరు కురచ అవుతుంది. మూడోసారి, నాలుగోసారి కూడా కొరికితే మొక్క చస్తుంది. పశువుకు రుచి తెలుసు. లేత గడ్డిని, కమ్మని గడ్డిని వెతికి వెతికి తింటుంది. చేదు మొక్కను, వాసన మొక్కను, ముల్లు మొక్కను ముట్టదు. ఒకే చెక్కలో ఏడాది పొడుగునా పశువును వదిలితే మంచి గడ్డి రోజూ దెబ్బ తింటూ, కలుపు రోజూ ఎండనూ నీటినీ అనుభవిస్తూ ఉంటుంది. నాలుగైదేళ్ళు ఇలా గడిస్తే బీడు కలుపు పాలవడంలో ఆశ్చర్యం లేదు. వేరు లేని నేల మీద వాన నీరు ఇంకక పారిపోతుంది. ఆ తరువాత మంచి గడ్డి విత్తనం పడినా మొలవడం కష్టమవుతుంది.

ముందు బీడును లెక్క చూడండి

ఏ పని చేయాలో నిర్ణయించుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఆగస్టులో, అంటే ఆశ్లేష, మఖ కార్తెలలో, బీడు ఒక మూల నుండి ఎదుటి మూలకు అడ్డంగా 100 అడుగులు వేయండి. ప్రతి అడుగుకూ కుడికాలి బొటనవేలి ముందు ఏముందో చూడండి. మంచి గడ్డి ఉంటే ఒక గులకరాయి, కలుపు ఉంటే ఒక చింతపిక్క, ఉత్త నేల ఉంటే ఒక పుల్ల సంచిలో వేసుకోండి. చివర లెక్కపెడితే నూటికి ఎన్ని వంతులో తెలిసిపోతుంది. పిల్లలు కూడా ఈ పని చక్కగా చేయగలరు.

గులకరాళ్ళు 50కి మించితే ఆ బీడును దున్నవద్దు. దానికి విశ్రాంతి ఇచ్చి, చెడ్డ కలుపును పీకితే చాలు. 25 నుండి 50 మధ్య ఉంటే విశ్రాంతితో పాటు మధ్య మధ్య కొత్త విత్తనం వేయాలి. 25 కన్నా తక్కువైతే దున్ని కొత్తగా గడ్డి వేయడమే మేలు. ఈ హద్దులు మా సూచన మాత్రమే. నేల వాలు ఎక్కువగా ఉండి మట్టి కోసుకుపోయే భయం ఉన్నచోట ఎంత కలుపు ఉన్నా మొత్తం దున్నడం మంచిది కాదు.

లెక్కలో గరికను కలుపు కింద వేయకండి. పంట చేలో గరిక శత్రువే. మేత బీడులో మాత్రం అది నేలను పట్టి ఉంచే మంచి గడ్డి, పశువు ఇష్టంగా తినే గడ్డి. అలాగే లేత గునుగును పశువులు తింటాయి. బతుకమ్మకు పనికివచ్చే గునుగు, తంగేడు గట్ల మీద కొంత ఉన్నందువల్ల నష్టమేమీ లేదు.

వయ్యారిభామ

మన బీళ్ళలో అన్నిటికన్నా చెడ్డ కలుపు ఇది. అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పూనాలో గమనించారు. తరువాత దేశమంతా వ్యాపించింది. ఏ కాస్త తడి తగిలినా ఏడాదిలో ఎప్పుడైనా మొలుస్తుంది. నెల, నెలన్నరలో పూతకు వస్తుంది. ఒక్కొక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలు రాలుస్తుంది. ఆ విత్తనం గాలికి, నీటికి, బండి చక్రానికి, పశువు గిట్టకు అంటుకుని పోతుంది.

మేత సమృద్ధిగా ఉన్నప్పుడు పశువు దీన్ని తినదు. కరువు రోజుల్లోను, కోసి తెచ్చిన పచ్చిగడ్డిలో కలిసి వచ్చినప్పుడు తింటుంది. అప్పుడు నోరు పుండ్లు పడడం, చర్మం మీద దద్దురు, పాలకు చేదు రావడం జరుగుతాయి. చేదు పాలు సంఘంలో రుచి, వాసన పరీక్ష దగ్గరే నిలిచిపోతాయి. పోయే పాలు ఒక్క సభ్యునివే అయినా, అవి డబ్బాలో కలిసిపోతే నష్టం అందరికీ పంచుకోవలసి వస్తుంది.

పశువు కన్నా మనిషికి కలిగే బాధ ఎక్కువ. ఈ మొక్క రసం, పుప్పొడి తగిలి చేతులకు, మెడకు, కనురెప్పలకు దురద, పగుళ్ళు వచ్చేవారున్నారు. కొందరికి తుమ్ములు, ఆయాసం పట్టుకుంటాయి. కలుపు పీకే పని, గడ్డి కోసే పని ఎక్కువగా చేసేది ఆడవారే కనుక ఈ బాధ ఎక్కువగా పడుతున్నదీ వారే. ఒకసారి దురద పుట్టినవారికి మళ్ళీ మళ్ళీ తగిలే కొద్దీ అది ముదురుతుంది. కనుక చేతులకు తొడుగులు, అవి లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకాలి. ఇదివరకే దద్దురు, ఆయాసం ఉన్నవారిని ఈ పనికి పంపనే పంపరాదు. ఇంట్లో ఇంకొకరు ఆ పని అందుకోవాలి.

పీకడానికి మంచి అదను పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్న రోజు. వేరుతో సహా రావాలి. పైన తెగితే మొదటి నుండి మళ్ళీ పిలకలు వేస్తుంది. పూతకు రాని మొక్కలను గోతిలో పేడతో పొరలు పొరలుగా వేస్తే మంచి కంపోస్టు అవుతుంది. పూత, గింజ పట్టిన మొక్కలను ఎరువు గోతిలో వేయరాదు, దారి వెంట ఈడ్చుకు పోరాదు. వాటిని అక్కడే ఒక మూల కుప్పవేసి, బాగా ఎండాక మనుషులకు పొగ తగలకుండా తగలబెట్టాలి.

లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే వయ్యారిభామ మాడిపోతుంది. ఈ పద్ధతి దారి పక్కలకు, గోడల వెంట, పాకల చుట్టూ పనికివస్తుంది. మేత బీడులో మాత్రం చల్లవద్దు. ఉప్పు గడ్డిని కూడా మాడుస్తుంది, నేలనూ చెడగొడుతుంది.

వయ్యారిభామను తినే ఒక పెంకు పురుగు కూడా ఉంది. మెక్సికో నుండి తెచ్చి పరీక్షించిన ఈ పురుగును 1984లో బెంగుళూరులో వదిలారు. గోధుమ రంగు చారలతో ఉండే ఈ పురుగు వానాకాలంలో ఆకును జల్లెడ చేసి, మొక్కను పూతకు రానివ్వకుండా చేస్తుంది. చలికాలంలో మట్టిలో దాగి ఉంటుంది. మీ బీడులో ఇది కనిపిస్తే పురుగుమందు కొట్టి చంపుకోకండి. అయితే పురుగు ఒక్కటే పని పూర్తి చేస్తుందని ఆశపడి కూర్చోవడమూ తగదు.

తక్కిన మొండి కలుపులు

సర్కారు తుమ్మను నరికితే చావదు. నరికిన చోట పది కొమ్మలు లేస్తాయి. చుట్టూ మట్టి తీసి నేలకు అడుగు లోతున మొదలును తవ్వి తీయాలి. దాని ముల్లు గిట్టలో దిగుతుంది, పొదుగును గీరుతుంది. గీరిన పొదుగు వాపు వ్యాధికి దారి. దాని కాయలను పశువులు ఇష్టంగా తింటాయి, కాని గింజ అరగకుండా పేడలో పడి మొలుస్తుంది. కనుక బీడులో ఒక్క చెట్టు ఉన్నా రెండేళ్ళలో వంద మొలకలు చూస్తారు. వేలెడు మొలకగా ఉన్నప్పుడే లాగివేయడం అన్నిటికన్నా చవక.

లాంటానా పొదను, కాలువల వెంట పెరిగే లొట్టపీసును బీడు కంచెకు వాడేవారు ఉన్నారు. రెండూ విషమే. లాంటానా తిన్న పశువుకు కాలేయం చెడి, ఎండ తగిలిన చోట చర్మం ఊడుతుంది. లొట్టపీసు తిన్నది వణకుతూ, తూలుతూ చిక్కిపోతుంది. కంచెకు ఇవి వద్దు.

తుంగను దున్ని పోగొట్టాలని చూస్తే అది పెరుగుతుంది. దాని గడ్డలు నాగటికి విడిపోయి ఒక్కొక్కటి ఒక్కొక్క మొక్క అవుతుంది. కాని తుంగ నీడను ఓర్చుకోలేదు. పైన మంచి గడ్డి మోకాలెత్తు ఎదిగి కమ్ముకుంటే తుంగ దానంతట అదే పలచబడుతుంది. గడ్డితోనే కలుపును జయించవచ్చునని మేము చెప్పడానికి దీనికి మించిన నిదర్శనం అక్కరలేదు.

తగిరిస, తుత్తురబెండ, ఉత్తరేణి వంటివి గింజతో పెరిగేవి. గింజ కట్టకముందు కొడవలితో ఒకటి రెండుసార్లు కోసివేస్తే రెండు మూడేళ్ళలో తగ్గిపోతాయి. పశువు బీడు నుండి బయటకు వచ్చిన మరునాడు ఈ పని చేస్తే సులువు. గడ్డి పొట్టిగా, కలుపు పొడుగ్గా నిలబడి కనిపిస్తుంది.

మందుల విషయం

మేత బీడులో మందు చివరి మార్గం. 2,4-డి అనే మందు వెడల్పాకు కలుపును చంపి గడ్డిని వదులుతుంది. కాని అది స్టైలో వంటి పప్పు జాతి మేత మొక్కలను కూడా చంపుతుంది. దాని తుంపర గాలికి పక్క చేలో పత్తి, మిరప, టమాటా మీద పడితే ఆ పైరు ముడుచుకుపోయి ఇరుగుపొరుగు తగవుకు దారితీస్తుంది. ఆ మందు కొట్టిన స్ప్రేయరుతో తరువాత పత్తికి పురుగుమందు కొట్టినా అదే ప్రమాదం. గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న ప్రతి మొక్కనూ చంపుతుంది, అంటే మనం పెంచదలచిన గడ్డిని కూడా. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు దానిని వాడరాదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

తప్పనిసరై మందు వాడేవారు డబ్బా మీది కాగితంలో చెప్పిన మోతాదును, చెప్పిన గడువును పాటించాలి. గడువు ముగిసేదాకా పాడి పశువును ఆ చెక్కలోకి వదలరాదు, అక్కడి గడ్డి కోసి వేయరాదు. పశువు తిన్నది పాలలోకి వస్తుందన్న మాట మనం మరవరాదు.

వంతుల మేపు

విశ్రాంతి ఇవ్వడానికి భూమి ఎక్కడిదని సభ్యులు అడుగుతారు. ఉన్న చెక్కనే పంచుకోవాలి. ఎకరం బీడును 4 భాగాలు చేయండి. ఒక్కొక్క భాగంలో 7 రోజులు మేపి పక్క భాగానికి మార్చండి. నాలుగు భాగాలూ తిరిగి మొదటి దానికి వచ్చేసరికి 28 రోజులవుతుంది. ప్రతి భాగానికీ 21 రోజుల విశ్రాంతి దొరుకుతుంది. గడ్డి తన నిల్వ పూడ్చుకోవడానికి ఆ మాత్రం చాలు.

రోజులకన్నా గడ్డి ఎత్తు ముఖ్యం. జానెడు ఎదిగాక పశువును వదలండి. బెత్తెడు మిగలగానే తీసివేయండి. బెత్తెడు కన్నా కిందికి తింటే చిగురు కణుపు పోతుంది. వాన లేక గడ్డి ఎదగకపోతే లెక్క ప్రకారం ఏడు రోజులైందని ఆ భాగంలోకి తోలకండి. ఆ రోజుల్లో పశువును పాకలో కట్టి చొప్ప వేయడమే మంచిది.

కంచెలు వేసే శక్తి లేనివారికి తాడు, గుంజ చాలు. 5 మీటర్ల తాడుతో కట్టిన గేదెకు సుమారు 78 చదరపు మీటర్ల నేల అందుతుంది. ఎకరంలో ఇటువంటి చోట్లు 40 దాకా వస్తాయి. రోజూ గుంజ మార్చితే మొదటి చోటికి తిరిగి వచ్చేది 40 రోజులకు. ఇలా కట్టినప్పుడు మధ్యాహ్నం నీడ, రెండుసార్లు నీరు మరవకూడదు. తాడు చెట్టుకు గాని రాయికి గాని చుట్టుకోని చోటు చూసుకోవాలి.

మరొక చిన్న జాగ్రత్త ఎంతో లాభిస్తుంది. నాలుగు భాగాలలో ఏటా ఒక దానిని ఉత్తర కార్తె నుండి గడ్డి గింజ రాలేదాకా, అంటే సెప్టెంబరు మధ్య నుండి నవంబరు వరకు, ముట్టకుండా వదలండి. రాలిన గింజ వచ్చే ఏడు మొలుస్తుంది. నిలిచిన గడ్డిని గింజ రాలాక కోసి ఎండువేసుకోవచ్చు. ఏటా ఒక భాగం చొప్పున నాలుగేళ్ళలో విత్తనం కొనకుండానే బీడంతా తిరిగి చిక్కబడుతుంది.

కొత్త గడ్డి విత్తడం

వర్షాధారపు చెల్క నేలలకు, గరప నేలలకు అంజన్ గడ్డి, దానికి తోడుగా స్టైలో మంచి జంట. అంజన్ గడ్డి లోతుగా వేరు పట్టి ఎండను ఓర్చుకుంటుంది, మేపును ఓర్చుకుంటుంది. స్టైలో పప్పు జాతి మొక్క కనుక గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది, మేతలో మాంసకృత్తులు పెంచుతుంది. స్టైలో విత్తనం కొరకు దూరం పోనవసరం లేదు. అనంతపురం జిల్లా రైతులు దీనిని పంటగా పండించి అమ్ముతున్నారు. నీరు నిలిచే కాలువ గట్లకు ఈ జంట పనికిరాదు. అక్కడ పారా గడ్డి వేసి కోసుకోవాలి. నీటి వసతి ఉన్నవారు కోతకు హైబ్రిడ్ నేపియర్ వేసుకోవచ్చు గాని దానిలో పశువును వదిలి మేపరాదు.

విత్తే ముందు కలుపును మోసగించాలి. మృగశిర చినుకులకు దున్ని నేలను ఊరకే వదలండి. రెండు వారాలలో పైపొరలోని కలుపు గింజ మొలుస్తుంది. దానిని గుంటకతో చెక్కివేసి, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నేల బాగా తడిసినప్పుడు విత్తండి. రెండోసారి లోతుగా దున్నితే అడుగున ఉన్న గింజ పైకి వస్తుంది కనుక పైపైనే చెక్కాలి.

ఎకరాకు అంజన్ గడ్డి విత్తనం 2 కిలోలు, స్టైలో 2 కిలోలు సరిపోతాయి. అప్పుడే రాలిన అంజన్ విత్తనం సరిగా మొలవదు. దానికి కొన్ని నెలల నిద్ర ఉంటుంది. నిరుటి విత్తనం వాడాలి. దూదిలా గాలికి ఎగిరే విత్తనం కనుక మూడింతల తడి ఇసుక కలిపి చల్లాలి. స్టైలో గింజ పైతోలు గట్టిది. మూడు వంతుల మరిగే నీటికి ఒక వంతు చన్నీరు కలిపితే ఇంచుమించు 80 డిగ్రీల వేడి వస్తుంది. గింజను పలుచని గుడ్డలో మూటకట్టి ఆ నీటిలో 4 నిమిషాలు ముంచి తీసి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తాలి.

రెండు విత్తనాలూ చిన్నవి. అర అంగుళం కన్నా లోతుగా పడితే పైకి రావు. పైపైన చల్లి తుమ్మ కంప ఈడిస్తే చాలు. పాత గడ్డి కొంత ఉన్న బీడులో మొత్తం దున్నకుండా, వాలుకు అడ్డంగా రెండు మూరల ఎడంలో నాగటి చాళ్ళు తీసి ఆ చాళ్ళ అంచున చల్లాలి. చాలు నీటిని ఆపుతుంది, మొలకకు తడి అందుతుంది.

మొదటి ఏడు పశువును వదలవద్దు. లేత మొక్క వేరుతో సహా ఊడివస్తుంది. నెల రోజులకు ఒకసారి కలుపు తీసి, 70, 75 రోజులకు కొడవలితో మొదటి కోత కోయండి. తరువాత వానను బట్టి కోయవచ్చు. రెండో ఏటి నుండి వంతులవారీగా మేపుకోవచ్చు. స్టైలోకు అలవాటు లేని పశువు మొదటి వారం ముఖం తిప్పుకోవచ్చు. ఇతర గడ్డితో కలిపి వేస్తే నెమ్మదిగా అలవాటు పడుతుంది.

మంచి వానలు పడిన ఏడు ఇటువంటి ఎకరం బీడు 8 నుండి 10 టన్నుల పచ్చిమేత ఇవ్వగలదు. రోజుకు 30 కిలోల చొప్పున ఒక గేదెకు 9, 10 నెలల మేత అది. కోసి ఎండువేసినది కూడా కలుపుకుని వేసిన లెక్క ఇది. నాలుగు గేదెలను ఆ ఎకరం మీదే ఉంచితే ఏ గడ్డీ నిలవదు, ఏ పద్ధతీ ఫలించదు. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

ఎరువు, పేడ

పశువు పాల రూపంలో నేల సారాన్ని రోజూ బయటకు మోస్తున్నది. దానిని తిరిగి ఇవ్వాలి. విత్తే ముందు ఎకరాకు 2 టన్నుల మాగిన పశువుల ఎరువు, 100 కిలోల సూపర్ ఫాస్ఫేటు వేయండి. సూపర్ స్టైలోకు ప్రాణం. మొలకలు నిలిచాక ఎకరాకు 20 కిలోల యూరియాను వాన తడిలో చల్లవచ్చు. యూరియా చల్లిన చెక్కలోకి కనీసం 3 వారాలు పశువును వదలకండి. యూరియా సంచులను పశువుకు అందే చోట పెట్టకండి.

మాగని పేడను బీడులో వేస్తే కలుపు విత్తనాన్ని చేతులారా చల్లినట్లే. గోతిలో బాగా వేడెక్కి మాగిన ఎరువులో గింజలు చాలావరకు చస్తాయి. పశువును ఒక భాగం నుండి మార్చిన రోజు అక్కడి పేడ కుప్పలను కర్రతో చిదిమి పరచండి. పేడ కుప్ప చుట్టూ మొలిచిన గడ్డిని పశువు ముట్టదు. అక్కడ గడ్డి ముదిరి, కలుపు చేరుతుంది.

సంతలో కొన్న పశువును తెచ్చిన రోజే బీడులోకి వదలకండి. 3, 4 రోజులు పాకలో కట్టి మేపితే దాని కడుపులో ఉన్న పరాయి ఊరి గింజ పాకలోనే పడిపోతుంది. ఆ పేడను గోతిలో వేయాలి. కొనుక్కొచ్చిన ఎండుగడ్డి మోపులను బీడు మధ్యలో కాక పాక దగ్గరే విప్పాలి.

పొరుగువారి పద్ధతి

ఇదంతా కొత్త విద్య కాదు. నెల్లూరు ప్రాంతంలో మేతకు కేటాయించిన భూములను కంచలని, తెలంగాణలో గైరాన్ అని పిలవడం మన పెద్దలు ఎరిగినదే. తమిళనాడులో కాంగేయం పశువులకు పేరు పొందిన ప్రాంతంలో ఈ నాటికీ కొరంగాడు అనే మేత చెక్కలు ఉన్నాయి. వాన తక్కువ పడే ఆ మెట్ట నేలల్లో రైతులు తమ భూమిని కొద్ది ఎకరాల చెక్కలుగా విభజించి, చుట్టూ ముళ్ళ మొక్కలతో జీవకంచె పెంచుతారు. లోపల అంజన్ జాతి గడ్డి, మధ్య మధ్య తెల్లతుమ్మ చెట్లు. పశువులను ఒక చెక్క తరువాత ఒక చెక్కలో మేపుతారు. తెల్లతుమ్మ నీడనిస్తుంది, దాని కాయ ఎండాకాలంలో మేతకు అక్కరకు వస్తుంది. తరతరాలుగా వారి బీడు గడ్డితో నిలవడానికి ఆధారం ఆ కంచె, ఆ వంతు. ఈ రెండూ ఖరీదైనవి కావు.

సంఘం చేయగలిగిన పని

ఒక్క రైతు తన చెక్కలో వయ్యారిభామను పీకి, పక్కవాడు వదిలివేస్తే పీకిన ఫలం దక్కదు. గాలికి హద్దురాళ్ళు తెలియవు. కనుక ఇది సంఘం పూనుకోవలసిన పని. ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమంతటా వయ్యారిభామ నిర్మూలన వారం జరుపుతారు. ఆ వారంలో ఒక రోజు నిర్ణయించి, పాల కేంద్రం ఆవరణ నుండి మొదలుపెట్టి, పాలు తెచ్చే దారులు, బడి చుట్టుపక్కలు, సభ్యుల బీళ్ళు వరుసగా శుభ్రం చేయవచ్చు. చేతి తొడుగులను సంఘం ఖర్చుతో కొనడం పెద్ద భారం కాదు. ఆ ఖర్చు మన ఆడవారి చేతుల కొరకు పెట్టేది అని కార్యవర్గాలు గుర్తించాలి.

విత్తనాన్ని సభ్యులు విడివిడిగా కొనేకన్నా, కావలసినవారి పేర్లు మే నెలలోనే రాసుకుని సంఘం ఒక్కసారిగా తెప్పిస్తే మేలు. హైదరాబాదు దగ్గర మామిడిపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పశుగ్రాస కేంద్రాన్ని, మీ పశువైద్య శాలను ముందుగా సంప్రదించండి. ఎవరి దగ్గర కొన్నా, నూరు గింజలను తడిగుడ్డలో వేసి ఎన్ని మొలకెత్తాయో చూసి మరీ విత్తండి.

సభ్యులందరూ ఈ ఏడే ఎకరమంతా మార్చాలని మేము అనడం లేదు. పావు ఎకరంతో మొదలుపెట్టండి. తాడు, గుంజ, కొడవలి, నాలుగు గుప్పెళ్ళ విత్తనం ఉంటే చాలు. వచ్చే ఆగస్టులో అదే మూల నుండి మళ్ళీ 100 అడుగులు నడిచి గులకరాళ్ళు లెక్కపెట్టండి. నిరుటి లెక్క, ఈ ఏటి లెక్క ఒక కాగితం మీద రాసి సంఘం గోడకు అంటించండి. అది చూసి పక్క రైతు కూడా తన చెక్కకు గుంజ తీసుకుని బయలుదేరుతాడు.